ఈ వారం ఏ గ్రహానికి?

ఆ పత్రికాఫీసులో ఆమెను అందరూ ప్రకటనలమ్మ అంటారు. పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. రెండో అంతస్తులో మెట్ల పక్కన చిన్న గది, గదిలో బల్ల, బల్ల మీద టెలిఫోను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆ టెలిఫోను చెవికి ఆనించుకుని, ఇల్లు అద్దెకు ఇవ్వబడును, కుట్టుమిషను అమ్మబడును, గోధుమరంగు పర్సు పోయినది దొరికినవారు దయచేసి అని రాసుకుంటూ ఉంటుంది. రాసుకున్నది తిరిగి చదివి వినిపించాలని అక్కడి నియమం. ఎవరో పెద్దమనిషి పెంపుడు కుక్క పోయిందని వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పినా సరే, ఏడుపు తీసేసి కుక్కను మాత్రం చదివి వినిపించాలి.

ఇంతవరకే అయితే ఆమె గురించి చెప్పుకోవడానికి ఏముంది, నేనూ నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. కానీ ఆమెకు రెండో బతుకు ఒకటి ఉంది. ఆదివారం సంచికలో పదకొండో పేజీ అడుగున, కుడివైపు మూల, పోస్టుకార్డులో సగమంత డబ్బా. అందులో 'ఈ వారం ఏ గ్రహానికి?' అనే శీర్షిక. సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్నవాళ్లు ఆ వారం టీవీలో ఏం చూడాలి, ఏది ఏ రోజు వస్తుంది, ఏది చూడకపోయినా కొంపలేం మునగవు, ఇదీ విషయం. కింద 'ఉల్క' అని సంతకం. ఆ ఉల్క ఈవిడే.

ఎలా అయిందంటే, ముందు రాసే కుర్రాడు చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేశాడు. ఆ వారం డబ్బా ఖాళీ. అప్పటి ఎడిటరు తల పట్టుకుని మెట్ల మీద తిరుగుతుంటే, ప్రకటనలమ్మ గదిలోంచి తల బయటపెట్టి "నేను రాయనా అండీ" అంది. ఆయన ఆమె మొహం కూడా చూడకుండా రాయమన్నాడు. రోజంతా పోయిన వస్తువుల గురించి విని విని ఉన్న మనిషి కదా, ఎవరూ ఇంకా ఏమీ పారేసుకోని గ్రహాలు ఉంటాయంటే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. జీతంలో దానికంటూ ఒక్క పైసా కలవలేదు. అయినా ఆ ఇంట్లో, ఆ ఆఫీసులో, ఆ ఊళ్లో ఆమెది అని చెప్పుకోదగ్గది ఆ సగం పోస్టుకార్డే.

సరే, రాసేది ఆమే. మరి మాటలు ఎవరివి? అక్కడే ఉంది అసలు సంగతి. ఆ మాటలు అత్తగారివి.

అత్తగారు ఆడపిల్లల హాస్టల్లో మేట్రనుగా చేసి రిటైరైన మనిషి. మూడొందల మంది పిల్లల్ని కంటిచూపుతో నిద్రపుచ్చిన చరిత్ర ఆవిడది. ఇంట్లో టీవీ రిమోటు ఆవిడ కుర్చీలో, దిండు కింద ఉంటుంది. కొడుకు రైల్లో గార్డు, వారంలో సగం రోజులు పట్టాల మీదే. ఇక మిగిలింది అత్తా కోడలూ. మొదట్లో కోడలు భయపడుతూ భయపడుతూ అడిగింది, "అత్తయ్యా, ఆఫీసు పని మీద కాస్త రాకెట్ల సీరియల్ చూడాలి" అని. ప్రకటనల ఉద్యోగానికి రాకెట్లతో ఏం పనని ఆవిడ అడగలేదు. అప్పుడే అనుమానం రావలసింది కోడలికి. రాలేదు.

ఆవిడ చూస్తారు గానీ ఊరికే చూడరు. 'శూన్యంలో సత్రం' అనే సీరియల్ ఉంది. చుక్కల మధ్య ఒక సత్రం, రకరకాల గ్రహాల వాళ్లు వచ్చి దిగుతుంటారు. మొదటిరోజే ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "మూడు తలల వాడొస్తే ఒక్క దిండు పడేశారు చూడు. ఎవరమ్మా ఆ సత్రానికి మేట్రను?" అన్నారు. ఇంకోసారి, భూమిని పట్టుకోవడానికి వచ్చిన పరాయి గ్రహం వాళ్లను సైన్యం చుట్టుముడితే, "వచ్చినవాళ్లను ముందు కూర్చోమనరేం? నిలబెట్టి మాట్లాడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది" అన్నారు. కంటికి కనపడని మనిషి సినిమా వస్తే, "వాడు కనపడకపోతే పోయాడు, వాడు తిన్న కంచం కనపడుతోంది కదా, అదెవరు కడుగుతారు" అని తీర్పిచ్చారు. కాలంలో వెనక్కి వెళ్లి తన పెళ్లి తనే చెడగొట్టుకుందామని చూసే వాడి కథకైతే, "దానికి యంత్రమెందుకు? పెళ్లిచూపుల్లో మా అబ్బాయిలా నోరు తెరిస్తే చాలదూ. నువ్వేదో మంచిదానివి కాబట్టి ఒప్పుకున్నావు" అనేశారు.

కోడలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. మర్నాడు ఆఫీసులో ఫోనుకీ ఫోనుకీ మధ్య కూర్చుని రాసేది: 'శూన్యంలో సత్రం, బుధవారం సాయంత్రం. మూడు తలలవాడికి ఒక్క దిండు ఇచ్చే చోట న్యాయం ఎలా ఉంటుందో మీరే చూడండి.' మొదటిసారి తెలియకుండా జరిగిపోయింది. రాసేశాక చూసుకుంటే అత్తగారి మాట అచ్చంగా అక్కడ కూర్చుని ఉంది. తీసేద్దామనుకుంది. తీసేస్తే మిగిలేది బుధవారం సాయంత్రం ఒక్కటే.

ఆ ఆదివారం అత్తగారు పేపరు తిరగేస్తూ పదకొండో పేజీ దగ్గర ఆగారు. 

"అమ్మాయ్, మీ పేపర్లో ఈ ఉల్క ఎవరు?"

"ఎవరో బయటి మనిషి అత్తయ్యా. పోస్టులో పంపిస్తారు."

"ఎవరో గానీ బుర్రున్న మనిషి. నేననుకున్నదే అనుకున్నాడు."

ఇక ఏం చెబుతుంది? మింగలేక కక్కలేక ఊరుకుంది. రెండో వారం చెబుదామనుకుంది. మూడో వారం ఆవిడ "ఉల్కగారు ఏమన్నారో చూద్దాం" అని గారు తగిలించారు. గారు వచ్చాక చెప్పడం మరీ కష్టమైపోయింది. అలా అలా ఏళ్లు గడిచిపోయాయి. ఆవిడ టీవీ ముందు అనడం, ఈవిడ మోసుకుపోవడం, ఆదివారం ఆవిడే చదివి "భలే అన్నాడు" అని మెచ్చుకోవడం. ఇంతకంటే హాయిగా దొంగతనం ఎక్కడా జరిగి ఉండదు.

ఇలా ఉండగా ఆదివారం సంచికకు కొత్త ఎడిటరు వచ్చాడు. కుర్రవాడు. మర్యాద తెలిసినవాడే, అదే చిక్కు. మర్యాద లేనివాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు. ఒక గురువారం ప్రకటనలమ్మ గదిలోకి వచ్చి, కూర్చోమనేదాకా నిలబడి, కూర్చున్నాక చెప్పాడు.

"మేడమ్, ఆ గ్రహాల డబ్బా ఎవరైనా చదువుతున్నారంటారా?"

"చదువుతారండీ."

"ఒక్క ఉత్తరం లేదు, ఒక్క ఫోను లేదు. పాదాల పగుళ్ల మీద ఒక డాక్టరుగారు రాస్తానంటున్నారు. పగుళ్లు అందరికీ ఉంటాయి కదా."

ప్రకటనలమ్మ కాళ్లు బల్ల కిందికి లాక్కుంది. అతను ఆలోచించి, మర్యాదగానే, ఒక దారి చూపించాడు. "ఈ ఆదివారం వేద్దాం. ఆ వారంలో దాని గురించి ఒక్కరు ఫోన్ చేసినా ఉంచేద్దాం. ఒక్కరంటే ఒక్కరు. లేకపోతే మీరూ ఏమీ అనుకోవద్దు." పేపరు మొత్తంలో అచ్చయ్యే ఫోను నంబరు ప్రకటనల గదిదే కాబట్టి, ఎవరైనా చేస్తే తనకు కలపమని చెప్పి వెళ్లాడు.

అతను వెళ్లాడు. ఏడుపొచ్చింది గానీ ఫోను మోగింది, సెకండ్ హ్యాండ్ మంచం. మంచం రాసుకుంటూనే ఆలోచించింది. ఈ సైన్స్ ఫిక్షన్ వాళ్లున్నారే, వీళ్ల సంగతి ఆమెకు బాగా తెలుసు. బాగుంటే కిక్కురుమనరు. లోపల్లోపల మురిసిపోతారు, పేపరు మడిచి పెట్టేస్తారు. తప్పు కనపడిందా, ఇక అన్నం సయించదు. మునుపొకసారి 'ఎనిమిదో చంద్రుడు' సీరియల్లో ఆకాశంలో మూడు సూర్యుళ్లుంటే చూసుకోక రెండని రాసింది. పొద్దున్నే ఫోను మొదలైంది. మూడో సూర్యుడు ఏమయ్యాడో చెప్పి తీరాలని ఒకాయన పట్టుబట్టాడు, తన సొంత సూర్యుణ్ణి ఎవరో ఎత్తుకుపోయినట్టు.

అంచేత కావాలని తప్పు రాయాలి. అది కూడా కళ్లు పొడిచేంత తప్పు.

'శూన్యంలో సత్రం'లో కుంపటి అని ఒక వంట రోబో ఉంది. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ పొగలు కక్కుతూ, అందరి మీదా విసుక్కుంటూ ఉంటుంది. ఆ సీరియల్ ప్రాణమంతా అదే. ప్రకటనలమ్మ గుండె రాయి చేసుకుని, కుంపటిని తీసుకెళ్లి 'ఎనిమిదో చంద్రుడు'లో పెట్టింది. 'మంగళవారం ఎనిమిదో చంద్రుడిలో మన కుంపటి చేసే అల్లరి తప్పక చూడండి.' పక్కింటి అల్లుణ్ణి పట్టుకొచ్చి మనింట్లో కూర్చోబెట్టడమే అది.  రాసి పంపించేసి, మంచినీళ్లు తాగి, దేవుడా నన్ను క్షమించు అనుకుంది.

ఆదివారం వచ్చింది. చేసిన పాపం అచ్చులో చూసుకునే ధైర్యం లేక ఆమె పేపరు ముట్టుకోలేదు. ఓరకంట అత్తగారినే చూస్తూ కూర్చుంది. ఆవిడ పదకొండో పేజీ తీశారు, చదివారు, "ఈ వారం కాస్త చప్పగా ఉన్నాడు" అని మడిచి పెట్టేశారు. కుంపటి ఊసే లేదు. కోడలి ప్రాణం ఉసూరుమంది. కుంపటి మీద ఈగ వాలినా ఊరుకోని మనిషికే పట్టకపోతే, ఇంకెవరికి పడుతుంది?

సోమవారం ఫోను మోగినప్పుడల్లా ఎగిరిపడింది. మోటారు సైకిలు. అద్దె గది. రెండు తలుపుల బీరువా. మంగళవారం పోయిన గొడుగు ఒకటి, దొరికిన గొడుగు ఒకటి, తీరా చూస్తే రెండూ వేరు వేరు గొడుగులు. బుధ, గురు, శుక్ర వారాలు కూడా అలాగే తెల్లారాయి. గ్రహం అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఎడిటరు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, ఆమె మొహం చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. మర్యాదస్తుడని చెప్పానుగా.

శనివారం ఇక ఉండబట్టలేక పాత పేపర్ల కట్టలోంచి ఆ ఆదివారం సంచిక లాగి చూసింది. 'బుధవారం శూన్యంలో సత్రంలో మన కుంపటి చేసే అల్లరి తప్పక చూడండి' అని శుభ్రంగా అచ్చయి ఉంది.

ఆమె కింది అంతస్తుకు దిగిన వేగం చూసి, టీ తెచ్చేవాడు గోడకు అతుక్కుపోయాడు. కింద ప్రూఫ్ రీడరుగారు కిటికీ పక్కన కూర్చుని ఉంటారు. రిటైరవాల్సిన వయసు దాటినా ఎవరూ రిటైర్ చేయడం గుర్తుపెట్టుకోని మనిషి. ఒత్తులు, దీర్ఘాలు, కామాలు తప్ప లోకంతో పెట్టుకోరు. ఇన్నేళ్లలో ఆమెతో ఆయన మాట్లాడింది 'కుట్టుమిషనులో ట కింద ట వత్తు' అన్న ఒక్క ముక్కే.

"ఈ కుంపటిని ఎవరు మార్చారండీ?"

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశారు. "నేనే అమ్మా. పొరపాటు పడ్డావు. కుంపటి ఎనిమిదో చంద్రుడిలో ఎందుకుంటుంది? అది సత్రం గడప దాటదు కదా, మొదటి భాగంలోనే చెప్పారు."

"మీరు ఆ సీరియల్ చూస్తారా?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఒక్క వారం మానలేదు. మనవరాలు చూస్తుందని వంక పెట్టుకుంటాను. ఆ పిల్ల అసలు ఆ గదిలోకే రాదు."

ప్రకటనలమ్మ ఎదురుగా ఉన్న స్టూలు మీద కూలబడి జరిగిందంతా చెప్పింది. వింటూ వింటూ ఆయన మొహం పాలిపోయింది. వెంటనే లేచి, చొక్కా సర్దుకుని, ఎడిటరు గదిలోకి వెళ్లి, "నేను పాఠకుణ్ణి. నన్ను లెక్కలోకి తీసుకోండి" అన్నారు. ఎడిటరు ఆయన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఆఫీసు మనుషులను లెక్కలోకి తీసుకుంటే బాగుండదని నచ్చజెప్పి పంపించాడు. ఆయన కాఫీ తాగకుండా వచ్చేశారు. అంతకంటే పెద్ద నిరసన ఆయన జీవితంలో చేసి ఉండరు.

మర్నాడు ఆదివారం పదకొండో పేజీ అడుగున పాదాల పగుళ్లు వచ్చాయి. బొమ్మతో సహా. అత్తగారు పేజీ తెరిచి చాలాసేపు ఆ పాదం వైపే చూశారు. ఉల్కగారేమయ్యారని అడుగుతారేమోనని కోడలు జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఆవిడ అడగలేదు. పేపరు మడిచి, కళ్లజోడు తీసి, లోపలికి వెళ్లి పడుకున్నారు.

ఆ రోజునుంచి ఆవిడ టీవీ ముందు నోరు విప్పితే ఒట్టు. రాకెట్లు పేలాయి, గ్రహాలు ఢీకొన్నాయి, సత్రంలోకి తోక ఉన్నవాళ్లు తొమ్మిదిమంది దిగి ఒక్క తువ్వాలు అడిగారు. ఆవిడ 'ఊఁ' అనలేదు, 'ఆఁ' అనలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది. ఉల్క అనే తోడు పోయిందని ఆవిడ దిగులు పడుతున్నారని కోడలికి తోచింది. తనకు పోయింది ఒక డబ్బా. ఆవిడకు పోయింది ఒక మనిషి, అదీ అసలు లేని మనిషి.

ఈ దిగులు ఇంట్లో ఇలా ఉండగా, ఆఫీసులో మంగళవారం ఫోను మోగింది. చెప్పుల షాపాయన. తరచూ ప్రకటనలిచ్చే మనిషే.

"పదకొండో పేజీలో గ్రహాలు తీసేసి పాదాలు పెట్టారేమిటండీ? చెప్పులమ్మేవాణ్ణి, రోజంతా నేను చూసేవి అవే. ఆదివారం కూడానా?"

ఆమె లేచి నిలబడింది. ఒక్క వారం ముందు ఈ ఫోను వచ్చి ఉంటే ఆయన షాపులో చెప్పులన్నీ తనే కొనేది. గడువు దాటిపోయింది, ఏం లాభం? నియమం ప్రకారం చెప్పింది. "ఇది ప్రకటనల విభాగమండీ. ఫిర్యాదులు ఇక్కడ తీసుకోరు."

ఆయన తగ్గలేదు. "అయితే ప్రకటనే తీసుకోండి. పోయినవి అనే చోట వేయండి. పదకొండో పేజీ కుడివైపు మూలనుంచి గ్రహములు పోయినవి. దొరికినవారు ఎక్కడివి అక్కడ పెట్టగలరు."

ఆమె రాసుకుంది. తిరిగి చదివి వినిపించింది. మర్నాడు ఆ ప్రకటన, ఒక పోయిన చిలకకూ ఒక తాళాలగుత్తికీ మధ్య వచ్చింది. ప్రూఫ్ రీడరుగారు దాన్ని రెండుసార్లు దిద్దారట, తప్పుల్లేకపోయినా.

ఇక చూడండి. అది చూసి రాత్రి డ్యూటీ నర్సొకావిడ ఫోను చేసింది. 'కుంపటి అను రోబో క్షేమ సమాచారములు తెలియక దిగులుగా ఉన్నది, తెలిసినవారు తెలుపగలరు.' లెక్కల మాస్టారొకాయన 'బుధవారం సాయంత్రము ఏమి చూడవలెనో తోచుట లేదు, నా బుధవారము ఎవరికైనా దొరికినచో' అని ఇచ్చాడు. ఇంకెవరో తమ పేరు చెప్పకుండా 'ఎనిమిది చంద్రులలో ఏడు మాత్రమే ఇంటికి చేరినవి' అన్నారు. ఎన్నేళ్లుగానో నోరు మెదపని జనం, వరసగా వచ్చి 'పోయినవి' కాలమ్‌లో పడ్డారు. గురువారం ఆ కాలమ్‌లో నిజంగా పర్సు పోయినవాడికి చోటు దొరకలేదు.

మధ్యాహ్నం ఎడిటరు పేపరు పట్టుకుని వచ్చాడు. ఈసారి కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

"ఇవన్నీ ఎవరు మేడమ్?"

"చదివేవాళ్లండీ."

"మరి ఇన్నాళ్లూ ఏమయ్యారు?"

"చదువుతున్నారండీ."

అతను నవ్వేశాడు. ఓడిపోవడం కూడా మర్యాదగా ఓడిపోయాడు. "ఈ ఆదివారం పెట్టేద్దాం. రేపు సాయంత్రానికి రాసిచ్చేయండి. పగుళ్లను పక్క పేజీకి పంపిస్తాను."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి వెళ్లి, టీవీ పెట్టి, కాగితం దగ్గర పెట్టుకుని కూర్చుంది. కాగితం తెల్లగా ఉంది. ఏ సీరియల్ ఏ రోజో రాసింది. ఆ పైన ఒక్క ముక్క కదల్లేదు. తను తమాషాగా రాయగలనని ఇన్నేళ్లూ ఎక్కడో ఒక మూల నమ్ముతూ వచ్చింది పాపం. పక్క కుర్చీలో ఆవిడ మూగనోము పట్టేసరికి లోపల బావి అడుగు కనిపించింది.

కాస్త కవ్వించి చూద్దామనుకుంది. "చూడండి అత్తయ్యా, ఆ రోబో చేతులు కడుక్కోకుండానే వడ్డించేస్తోంది."

"ఊఁ."

"ఆ కెప్టెను భార్య మూడు వందల ఏళ్లుగా అదే గౌను వేసుకుంటోంది."

"వేసుకోనీ."

కోడలికి కళ్లనీళ్ల పర్యంతమైంది. ఈ మనిషిని మాట్లాడించే మందు ఏదైనా ఉంటే ఆ రాకెట్టెక్కి వెళ్లయినా తెచ్చేదే. శీర్షిక పోతే పోయిందిలే అనిపించింది అప్పుడు, ఈవిడ ఇలా అయిపోతే ఆ డబ్బా దక్కి ఏం లాభం?

శుక్రవారం సాయంత్రం దాకా ఆఫీసులో కాగితం అలాగే ఉంది. ప్రూఫ్ రీడరుగారు రెండుసార్లు పైకొచ్చి, దిద్దడానికి ఏమీ లేక, మెట్లు దిగి వెళ్లారు. చేతకావడం లేదని ఎడిటరుకు చెప్పేద్దామని లేవబోతుండగా ఫోను మోగింది.

"చిన్న ప్రకటనల వాళ్లేనా అండీ?"

ఆ గొంతు విని ఆమె మళ్లీ కూర్చుండిపోయింది. "అత్తయ్యా?"

"అత్తయ్యెవరండీ? నేను ప్రకటన ఇవ్వడానికి చేశాను. పని వేళలో చుట్టరికాలు కలపకండి. రాసుకుంటున్నారా?"

"రాసుకుంటున్నానండీ."

"కనబడుటలేదు. పేరు ఉల్క." ఆవిడ ఆగి, హాస్టల్లో హాజరు పిలిచినట్టు ఒక్కో ముక్కా విడమరిచి చెప్పారు. "ఆడమనిషి. చామనఛాయ. కుర్చీ ఖాళీగా ఉన్నా నేల మీదే కూర్చుంటుంది. నవ్వు ఆపుకోవలసి వస్తే ముక్కు రుద్దుకుంటుంది. అబద్ధం చెప్పడం చేతకాదు. పోస్టులో పంపిస్తారని చెప్పి, పోస్టుమాన్ కనపడితే తల వంచుకుని పోతుంది."

కోడలి చేతిలో పెన్ను ఎప్పుడో ఆగిపోయింది. "ఎప్పటినుంచి తెలుసు అత్తయ్యా?"

"మొదటి ఆదివారం నుంచే. నా మాట నాకు తెలియదా? మూడొందల మందిలో ఎవరు ఎవరి రిబ్బను కట్టుకున్నారో గుమ్మంలోంచి చెప్పేదాన్ని."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా అనలేదేం?"

"అంటే సిగ్గుపడి మానేస్తావు. మానేస్తే నా మాటలు అచ్చులో ఎవరు వేస్తారు?" గొంతు కాస్త మెత్తబడింది. "ఆ డబ్బా తీసేశారని నువ్వు కుమిలిపోతుంటే, పక్కన కూర్చుని నేను కబుర్లు చెబితే పుండు మీద కారం చల్లినట్టుంటుందని ఊరుకున్నాను. నువ్వేమో నా నుదురు పట్టుకుని చూస్తావు. ఇవాళ పొద్దున పేపర్లో నీ కోసం ఎంతమంది వెతుకుతున్నారో చూశాను. నేనూ వరసలో నిలబడ్డాను. ఇంకా పూర్తవలేదు, రాసుకోండి."

"చెప్పండి." ఆమె కళ్లు తుడుచుకుంది. కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి.

"సదరు మనిషికి ఎదుటివాళ్ల మాటలు చెప్పకుండా పట్టుకుపోయే అలవాటుంది. పట్టుకుపోయినవి తిరిగి ఇవ్వనక్కరలేదు. ఇంకా ఉన్నవి. స్వయంగా వచ్చి తీసుకుపోగలరు."

ప్రకటనలమ్మ ఆఫీసు గొంతు తెచ్చుకుని అడిగింది.

"ఎప్పుడు రమ్మంటారండీ?"

"ఇప్పుడే. అయిదు రోజులుగా నోరు కట్టేసుకుని కూర్చున్నాను, ఇంక నా వల్ల కాదు."